మాస్టారి మెదడు కోసం ఉపవాస ప్రార్థన

జాషువా మాస్టారు పులస పులుసు తిని, ఒక్క మాటైనా మాట్లాడకుండా చెయ్యి కడుక్కున్న రోజున యానాం ఫరంపేటలో అతని ఆరోగ్యం మీద మొదటి అనుమానం పుట్టింది.

ఆ పులస ఆషామాషీగా వచ్చింది కాదు. దరియాలతిప్పలో ఉండే, మాస్టారి భార్య హెప్సిబా అన్నయ్య, తన వలలో పడ్డదాన్ని బేరానికొచ్చిన వాళ్ళందరినీ కాదని చెల్లెలికి పంపించాడు. హెప్సిబా దాన్ని మట్టి దాకలో సన్నసెగ మీద పెట్టి, బెండకాయలు వేసి, గరిటె తగలనివ్వకుండా దాకనే పట్టుకు తిప్పి, పైన ఆవకాయ నూనె పోసి వండింది. వాసన వీధి చివరిదాకా పోయింది. ఆ వాసనకి ఇద్దరు చుట్టాలు ఊరికే పలకరించి పోదామని వచ్చారు కూడా. జాషువా మాత్రం ఎటో చూస్తూ తిన్నాడు. ముళ్ళు ఏరుకున్నాడు. లేచాడు.

"ఎలాగుందండీ?" అంది హెప్సిబా.

"ఏది?"

"పులసండీ."

"అది పులసా? చెరువు బొచ్చె అనుకున్నానే. బానే ఉంది, బానే ఉంది."

గోదావరి ఒడ్డున పుట్టిన ఆడదానితో అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇది పెద్దది. అయినా హెప్సిబాకి కోపం రాలేదు, భయం వేసింది. ఆమె మేనమామకి కూడా మొదట నాలిక చచ్చింది. తర్వాత మతి తప్పింది. ఆ తర్వాత మెదడులో గడ్డ అన్నారు.

ఆలోచించిన కొద్దీ ఆనవాళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మొన్న బజారుకి స్కూటరు మీద వెళ్ళి నడిచి ఇంటికొచ్చాడు. స్కూల్లో బోర్డు మీద గుండె బొమ్మ వేసి, కింద మూత్రపిండం అని రాశాడట. ఎదురుగా కూచుని మాట్లాడుతుంటే "ఆఁ, ఆఁ" అంటాడు, కాసేపాగి "ఏమన్నావు?" అంటాడు. ఒకప్పుడు నవ్వితే పక్కింట్లోకి వినిపించే మనిషి ఇప్పుడు ఏ జోకుకైనా పెదాలు మాత్రం కదుపుతున్నాడు.

"ఏవండీ, మీ తలలో ఏదైనా తేడాగా ఉంటోందా?" అని అడిగింది.

జాషువా గతుక్కుమన్నాడు. "కాస్త మొద్దుగా ఉంటోంది" అన్నాడు. అది నిజమే. కానీ సగం నిజం.

తన జబ్బు పేరేమిటో జాషువాకి తెలియదు గాని, దాని చిరునామా మాత్రం తెలుసు. మేడమీద గది. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ పాఠాల కోసమని కొన్న పెద్ద ఫోను ఆ గదిలోనే అతనికి అలవాటైంది. మొదటిసారి ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే ఆ బట్టల్లేని బొమ్మలు వచ్చాయని తనకి తాను చెప్పుకునేవాడు. రెండోసారి తెలిసే నొక్కాడు. మొదట్లో కాసేపు చూస్తే సరిపోయేది. రానురాను ఒకటి చూస్తుండగానే వేలు తర్వాతదాని కోసం వెతకడం మొదలుపెట్టింది. చూస్తున్నదానికన్నా చూడబోయేది బాగుంటుందనిపించేది. తీరా చూస్తే అదీ బాగుండేది కాదు. ఇంకా ఘాటైనదీ, ఇంకా కొత్తదీ కావాలనిపించేది. లేచేటప్పటికి మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైపోయేది.

కింద నుంచి హెప్సిబా కేకేస్తే "పేపర్లు దిద్దుతున్నానే!" అనేవాడు. సంవత్సరం పొడుగునా పేపర్లు దిద్దే మాస్టారు యానాం మొత్తం మీద అతనొక్కడే. "మా ఆయన పిల్లల కోసం ప్రాణం పెడతారండి" అని హెప్సిబా చర్చిలో గొప్పగా చెప్పుకునేది.

అందుకని, తలలో గడ్డ అని భార్య భయపడుతుంటే జాషువాకి ఒక విచిత్రమైన ఊరట కలిగింది. గడ్డయితే దేవుడిచ్చింది. మనం చేసుకున్నది కాదు. పదిమందిలో చెప్పుకోవచ్చు. రెండు రోజులు తిరిగేసరికి అతనూ దాన్ని నమ్మడం మొదలుపెట్టాడు. అద్దం ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పి, ఎటుపక్క బరువుగా ఉందో చూసుకున్నాడు.

హెప్సిబా ఈ సంగతి పాస్టరు గారి భార్య లిదియా అమ్మగారికి, ఒక్కరికే, రహస్యంగా చెప్పింది. లిదియా అమ్మగారికి చెప్పాక ఇంకెవరికీ చెప్పాల్సిన పని ఉండదు. ఆదివారానికల్లా చర్చిలో మాస్టారి మెదడు గురించి తెలియనివాళ్ళు తొట్టెల్లో పిల్లలే. స్త్రీల సమాజం వాళ్ళు ఉపవాస ప్రార్థన పెట్టారు. జాషువాని ముందు వరసలో కూచోబెట్టారు. సంఘ పెద్ద యాకోబు గారు వచ్చి అతని నెత్తి మీద అరచెయ్యి ఆనించారు. యాకోబు గారంటే అందరికీ హడల్. ఆరాధన జరిగేటప్పుడు ఎవరి జేబులోనైనా ఫోను మోగితే, నడిచి వెళ్ళి, దాన్ని లాక్కుని, బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టే మనిషి ఆయన.

లిదియా అమ్మగారు కళ్ళు మూసుకుని గొంతెత్తారు.

"ప్రభువా! మా జాషువా మాస్టారి మెదడును నీ చేతుల్లోకి తీసుకో తండ్రీ! ఆ మెదడులో ఏముందో మాకు తెలియదు. నీకు తెలుసు తండ్రీ!"

జాషువాకి వీపు మీద చెమట పట్టింది.

"నీ కళ్ళకి మరుగైనది ఏదీ లేదు తండ్రీ! ఆ మెదడులో దాక్కున్నదాన్ని బయటికి తీసుకురా! వెలుగులో పెట్టు! అందరూ చూసేలా పెట్టు తండ్రీ!"

"ఆమేన్!" అన్నారు అందరూ. జాషువా ఒక్కడికే నోరు పెగల్లేదు. పాపం మాట కూడా పడిపోతోందని వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

మర్నాడే హెప్సిబా పట్టుబట్టి, స్కూటరు వెనక కూచుని అతన్ని కాకినాడ తీసుకెళ్ళింది. నరాల డాక్టరు మంచి పేరున్న మనిషట, చాలాసేపు కూచోవాలిట. కూచున్నారు. పిలిచాక లోపలికి వెళితే, డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడి చేతులు జోడించింది.

"మాస్టారూ, నమస్కారమండీ! గుర్తుపట్టారా? దుర్గాశ్రీనండీ. టెన్త్‌లో నాడీ వ్యవస్థ పాఠం మీరే చెప్పారు. నేను ఈ లైనులోకి రావడానికి అదేనండి కారణం."

బాగా చదువుకుని పైకొచ్చిన విద్యార్థిని చూసి అంత బాధపడటం జాషువా జీవితంలో అదే మొదటిసారి.

హెప్సిబా పులస దగ్గర్నుంచి మూత్రపిండం దాకా మొత్తం చెప్పింది. దుర్గాశ్రీ విన్నది. మాస్టారి కళ్ళలోకి లైటు వేసి చూసింది. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. తర్వాత హెప్సిబా వైపు తిరిగి, "అమ్మా, మీరు నీరసంగా కనపడుతున్నారు. పక్కగదిలో సిస్టర్ దగ్గర బీపీ చూపించుకు రండి" అంది.

తలుపు మూసుకుంది.

"ఫోను ఎంతసేపు చూస్తారండీ మాస్టారూ?"

"మామూలేనమ్మా. పాఠాలకి."

"పాఠాలు కాకుండా?"

బల్ల మీద ప్లాస్టిక్ మెదడు బొమ్మ ఒకటి ఉంది. జాషువా దాన్ని చేతిలోకి తీసుకుని, ముక్కలు విడదీసి, మళ్ళీ పెట్టబోతే కుదరలేదు.

"మతిమరుపని నా దగ్గరికి చాలామంది వస్తారండి" అంది దుర్గాశ్రీ. "సగం మందికి గడ్డలుండవు. ఫోన్లుంటాయి. కొంతమంది పేకాట, కొంతమంది షేర్లు, కొంతమంది ఇంకోటి. నాకు ఏదైనా ఒకటేనండి. వైద్యానికే కావాలి."

జాషువా బొమ్మ వైపే చూస్తూ, ఆ బొమ్మకే చెప్పాడు. మాట మాటకీ మధ్యలో దగ్గాడు. చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే డాక్టరు మొహంలో వెక్కిరింతా లేదు, జాలీ లేదు. పంటినొప్పి సంగతి విన్నట్టు విన్నది.

"దీన్ని వ్యసనం అనాలా, వద్దా అని పెద్ద పెద్ద డాక్టర్లే ఇంకా కొట్టుకుంటున్నారండి. పేరు వాళ్ళకి వదిలేద్దాం. మెదడులో కావాలి కావాలి అనేది ఒకటి, బాగుంది అనేది ఒకటి. రెండూ వేరు. మీకు మొదటిది పెరిగింది, రెండోది తగ్గింది. అందుకే చూడకుండా ఉండలేరు. చూసినా ఏమీ ఉండదు. అవునా?"

జాషువా నోరు తెరిచాడు. తన మేడమీద గది ఈ పిల్లకెలా కనపడింది?

"తీర్థంలో జాతర మైకు పక్కన చాలాసేపు నించుని ఇంటికొస్తే, మనవాళ్ళు మాట్లాడేది వినపడదు చూడండి. ఇదీ అలాంటిదే. అంత మోతకి అలవాటుపడ్డాక మామూలు రుచీ, మామూలు మాటా, మామూలు మనిషీ లోపలికి ఎక్కవు. పాఠం మధ్యలో మనసు పక్కకిపోతుంది. మైకు కట్టేస్తే మెల్లిగా సర్దుకుంటుందండి. వెంటనే కాదు. కొన్నాళ్ళు లోకమంతా చప్పగా ఉంటుంది. చిరాకేస్తుంది. అప్పుడే అందరూ మళ్ళీ మైకు దగ్గరికి పోతారు."

"అయితే స్కానింగు?"

"అక్కర్లేదండి. ఇలాంటివి ఆ మిషన్లో కనపడవు."

"అమ్మా, అమ్మా, అలా అనకమ్మా" అన్నాడు జాషువా, విద్యార్థిని బతిమాలుతూ. "చర్చి మొత్తం ఉపవాసం ఉంది. ఏదో ఒక ఫిల్ము చేతిలో లేకుండా నేను యానాం వెళ్ళలేను."

దుర్గాశ్రీ మొదటిసారి నవ్వింది. చివరికి, భార్యగారి మేనమామ సంగతి ఉంది కాబట్టి, ఆవిడ భయం తీరడానికని స్కానింగు రాసింది. గడ్డ లేదు. మెదడు శుభ్రంగా, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. మనసు విప్పి మాట్లాడటానికి ఒక కౌన్సెలర్ దగ్గరికి కూడా వెళ్ళమంది. "అమ్మగారికి మీరే చెప్పండి. నేను చెప్పను. కానీ ఒక్కరే మోస్తే కష్టమండి" అంది.

తిరిగివచ్చేటప్పుడు హెప్సిబా స్కూటరు వెనక కూచుని దారి పొడుగునా స్తోత్రం చెబుతూనే ఉంది. ఆ స్తోత్రాలు జాషువా వీపు మీద సుత్తిదెబ్బల్లా పడుతున్నాయి. కోరంగి దగ్గర కొబ్బరిబొండాల బండి కనపడితే ఆపాడు. ఆమె చేతికి బొండం ఇచ్చి, గట్టిగా పట్టుకున్నాక, మొత్తం చెప్పేశాడు.

హెప్సిబా బొండం తాగలేదు. పారబొయ్యలేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. బొండం తిరిగి బండి మీద పెట్టేసి అంది:

"నాలో ఏదో తక్కువైందనుకున్నానండి. రెండేళ్ళుగా మీరు నన్ను చూడట్లేదు. అద్దంలో నన్ను నేనే చూసుకుని, వయసైపోయింది కదా అని సరిపెట్టుకున్నాను. మీరేమో పేపర్లు దిద్దుతున్నారు."

జాషువా తల వంచుకున్నాడు. అతనికి ఏడుపు వచ్చింది. చాలా కాలానికి అతనికి ఏదైనా బలంగా అనిపించడం అదే. కొబ్బరిబొండాలవాడు ఇదేదో ఆస్పత్రి సంగతనుకుని, మర్యాదగా అటు తిరిగి కత్తి నూరుకున్నాడు.

"ఇంకోటండి" అంది హెప్సిబా, గొంతు మార్చి. "మీకు గడ్డేమోనని నేను మూడ్రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. కళ్ళు తిరిగి పెరట్లో పడిపోయాను. దేనికి? మీరు మేడమీద సినిమాలు చూసుకుంటున్నందుకు. ఆ మూడ్రోజుల ఉపవాసం నాకు తిరిగి ఇచ్చెయ్యండి."

"అంటే?"

"రేపట్నించి మీరుండండి."

ఉన్నాడు. రెండోరోజు చూడటానికొచ్చిన లిదియా అమ్మగారు, కృతజ్ఞతగా ఉపవాసం ఉంటున్నారా మాస్టారూ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. హెప్సిబా "అవునండి, ఆయనకి భక్తి ఎక్కువ" అంది, మొగుడి ఎదురుగానే జంతికలు నములుతూ.

ఉపవాసం తేలికే. అసలు కష్టం తర్వాత మొదలైంది. ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉండాలి. మేడమీద గదికి గడియ ఊడదీశారు. డాక్టరు చెప్పినట్టే లోకం చప్పగా అయిపోయింది. టీ తాగితే వేణ్ణీళ్ళు, పాట వింటే రొద. స్కూల్లో పిల్లలు నోటు పుస్తకం అడిగినా అరిచేవాడు. మేడమెట్ల మీద కాలు పెడితే చాలు గుండె దడదడలాడేది, చెయ్యి దానంతట అదే ఖాళీ జేబు తడిమేది. గంట మోగితే కుక్కకి నోరూరే పాఠం అతను చాలా ఏళ్ళుగా చెబుతున్నాడు. అందులో కుక్క తనేనని ఎప్పుడూ అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం హెప్సిబా కునుకు తీస్తుంటే బియ్యం డబ్బా మీది ఫోను తీసుకుని, పిల్లిలా డాబా ఎక్కాడు. నీళ్ళ ట్యాంకు వెనక కూచున్నాడు. కింద నుంచి గొంతు వినిపించింది.

"సిగ్నలు దొరికిందాండీ?"

దిగి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "చూశాను. కాసేపే. ఏమీ లేదందులో. అయినా మళ్ళీ ఎక్కాలనే ఉంది" అన్నాడు. దాచకుండా చెప్పినందుకు ఆమె అతన్ని తిట్టలేదు. చేటలో చింతపండు పోసి ముందు పెట్టింది, గింజలు తియ్యమని. తీస్తూ తీస్తూ ఆమె ఏదో చెబుతుంటే అతను విన్నాడు. తన తమ్ముడు బోటుకి రంగు వేయిస్తూ జారి గోదాట్లో పడిన కథ అది. కథ అయ్యేసరికి జాషువా పడీపడీ నవ్వాడు. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు.

ఈలోపు లిదియా అమ్మగారు ఊరుకోలేదు. గడ్డ మాయమైంది, అద్భుతం జరిగింది, మాస్టారు సంఘం ముందు సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టారు. జాషువా వాయిదా మీద వాయిదా వేశాడు. ఇక కుదరలేదు.

"అబద్ధం చెప్పడానికి వీల్లేదు" అంది హెప్సిబా, చొక్కా ఇస్త్రీ చేస్తూ. "ఉన్నదంతా చెప్పి నా పరువు తియ్యడానికీ వీల్లేదు. మాస్టారు కదా, మీరే చూసుకోండి."

చర్చి నిండిపోయింది. జాషువా మైకు ముందు నిలబడ్డాడు. లిదియా అమ్మగారు "స్తోత్రం!" అనడానికి సిద్ధంగా ఊపిరి బిగించి ఉన్నారు.

"గడ్డ కరిగిపోలేదండి" అన్నాడు జాషువా. "అసలు ఎప్పుడూ లేదు."

లిదియా అమ్మగారి ఊపిరి ఉసూరుమంది.

"డాక్టరమ్మ చెప్పిందేంటంటే... తలుపేసుకుని, ఒక్కడూ కూచుని, ఫోనులో చూసేవి చూసీ చూసీ నా మెదడు మొద్దుబారిపోయిందని. రుచి తెలీకుండా పోయింది. పాఠం గుర్తుండకుండా పోయింది. నన్ను కట్టుకున్న మనిషి ఎదురుగా ఉన్నా కనపడకుండా పోయింది. ఇప్పుడు మానుతున్నాను. మానేశానని చెప్పను, మానుతున్నాను. మీ ప్రార్థన వల్లే డాక్టరు దాకా వెళ్ళాను. అందుకు వందనాలు."

ఆడవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. "ఏం చూసేవారు?" "క్రికెట్టయి ఉంటుందమ్మా." "కాదు, పేకాట." మగవాళ్ళ వైపు మాత్రం చడీచప్పుడు లేదు. పంకాలు తిరిగే చప్పుడు వినిపించింది. గిటారు వాయించే కిరణ్‌కుమార్ వేలు జారి ఒక తీగ టింగుమంది. జేబు మీద చెయ్యి వేసుకున్నవాళ్ళు కొందరు, వేసుకున్న చెయ్యి తీసేసినవాళ్ళు కొందరు.

కూడిక అయ్యాక జాషువా చెప్పులు వెతుక్కుంటుంటే కిరణ్‌కుమార్ వచ్చాడు.

"ప్రైస్ ద లార్డ్ మాస్టారూ. ఆ డాక్టరు గారి అడ్రసు కావాలండి. మా ఫ్రెండుకి."

అతను వెళ్ళాడో లేదో మరొకాయన. ఆయన తోడల్లుడికి. ఇంకొకాయన పేరు చెప్పని కొలీగుకి. చివరగా, అందరూ వెళ్ళిపోయేదాకా కుర్చీలు సర్దుతున్నట్టు నటించి, యాకోబు గారు వచ్చారు. చుట్టూ చూసుకున్నారు.

"మాస్టారూ... మా బావమరిది ఒకడున్నాడు."

"ఏ బావమరిదండీ? మీ ఇంట్లో అమ్మగారు వాళ్ళ పుట్టింట్లో ఒక్కరే కదండీ?"

"దూరం బావమరిది."

"ఆయన వయసెంతుంటుందండీ?"

యాకోబు గారు చేతిలోని గొడుగు కొనతో నేల మీద ఏదో గీశారు. "నా వయసే. పోయిన ఏడాది మనవడు కొత్త ఫోను కొనిచ్చాడు వాడికి. అప్పట్నించి... వాడికి బైబిలు తెరిస్తే అక్షరాలు నిలవట్లేదంట. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, మాస్టారూ."

జాషువాకి నవ్వు గొంతుదాకా వచ్చింది. ఆ ముసలాయన సిగ్గు అన్న మాట దగ్గర అది ఆగిపోయింది.

"ఆయన్ని రేపు సాయంత్రం గోదావరి గట్టుకి రమ్మనండి. నేను రోజూ నడుస్తుంటాను. ఆ వేళకి ఇంట్లో ఉంటే నాకు మంచిది కాదు."

మర్నాడు యాకోబు గారే వచ్చారు. "వాడికి కుదర్లేదంట. వాడి బదులు నేనొచ్చాను" అన్నారు. "రండి, ఎవరైతే ఏంటండీ" అన్నాడు జాషువా. ఇద్దరూ నడిచారు. వారం తిరిగేసరికి ఫ్రెండు బదులు కిరణ్‌కుమార్, తోడల్లుడి బదులు ఇంకొకాయన చేరారు. ఎవరి కథ వాళ్ళు ఎవరో ఒకరి పేరు మీద చెప్పుకునేవాళ్ళు. ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. కొన్నాళ్ళకి ఆ దూరం బావమరిది కాకినాడ కూడా వెళ్ళివచ్చాడు.

లిదియా అమ్మగారికి ఆరా తీయకపోతే తోచదు. "ఏంటమ్మా హెప్సిబా, మన మగాళ్ళంతా గట్టు మీద అలా తిరుగుతున్నారు?" అని అడిగారు.

"షుగరంటండి" అంది హెప్సిబా.

"అందరికీనా?"

"మగాళ్ళలో ఎక్కువంటండి అమ్మగారూ."

ఆ సాయంత్రం జాషువా నడక నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. "ఇవాళ బాలేదే" అన్నాడు. "పొద్దుట్నించీ అదే ధ్యాస. బుర్ర తినేస్తోంది."

హెప్సిబా అతని వైపు ఒకసారి చూసింది. కత్తిపీటా, బుట్టెడు ఉల్లిపాయలూ అతని ముందుకి తోసింది. "సన్నగా కొయ్యండి. లావుగా కోస్తే మళ్ళీ కోయిస్తాను" అంది.

రెండో ఉల్లిపాయకే జాషువా కళ్ళమ్మట ధారగా నీళ్ళు కారాయి. భుజంతో తుడుచుకోబోతే ఇంకా మండింది. హెప్సిబా పకపకా నవ్వి, కొంగుతో అతని మొహం తుడిచి, మూడోది చేతికిచ్చింది.